ముప్పయ్యొకటో తేదీ సూత్రానికి మిడుతూరు టీక

అవతారిక. కోలాచలం మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆయన ముందున్నది కాళిదాసు గనక ఆ ఒట్టు చెల్లింది. నా ముందున్నది ఏటా డిసెంబరు ఆఖరి వారంలో జిల్లా పేజీల్లోనూ, వాట్సాప్ గ్రూపుల్లోనూ, ఆటోకు కట్టిన మైకులోనూ వచ్చే పోలీసువారి సూచన. ఇందులో ఉన్నదానికన్నా లేనిదాన్ని గురించే ఎక్కువ చెప్పాలి. అందుకని ఒట్టు లేకుండానే మొదలుపెడుతున్నాను.

ఈ గ్రంథానికి కర్త ఎవరో తేలదు. ఎస్సైలు బదిలీ మీద వస్తారు, బదిలీ మీద పోతారు; వాక్యాలు మాత్రం స్టేషన్లోనే ఉండిపోతాయి. వేదంలాగా దీన్నీ అపౌరుషేయం అనుకుంటే ఏ గొడవా లేదు. కింది పాఠం ఏ ఒక్క స్టేషన్‌దీ కాదు. ఊరూరా తిరిగే ప్రతుల్లో ఉమ్మడిగా కనిపించేదాన్ని ఏరి కూర్చుకున్నాను.

మూలం. విద్యార్థులు, యువత నూతన సంవత్సర వేడుకలను ప్రశాంత వాతావరణంలో జరుపుకోవాలి. మద్యం సేవించి వాహనాలు నడపరాదు. ద్విచక్ర వాహనంపై ముగ్గురు ప్రయాణించరాదు. సైలెన్సర్లు తీసి శబ్దం చేయరాదు. డీజేలకు అనుమతి లేదు. కాలువ గట్లపై వేడుకలు చేయరాదు. తల్లిదండ్రులు మైనర్లకు వాహనాలు ఇవ్వరాదు. అవాంఛనీయ సంఘటనలకు పాల్పడితే కఠిన చర్యలు తప్పవు. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.

దేశం: మిడుతూరు మండలం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో ఉండేది. జిల్లా మారినా పిల్లల దారి మారలేదు. చదువు నంద్యాలలోనో, నందికొట్కూరులోనో, కర్నూలులోనో, ఇల్లు ఇక్కడ. కాలం: ముప్పయ్యొకటో తేదీ రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారేదాకా.

ఇక అధికారి. శాస్త్రంలో అధికారి అంటే గ్రంథం వినడానికి అర్హుడు, స్టేషన్లో అధికారి అంటే వినిపించేవాడు. మనకు మొదటివాడు కావాలి. వీడు బీటెక్కో డిగ్రీయో చదువుతూ సెలవుకు ఇంటికొచ్చిన కుర్రాడు. మరి అమ్మాయిలు? వాళ్ల వేడుక వాకిట్లో రంగుల ముగ్గు, దాని పక్కన పెద్ద అక్షరాలతో హ్యాపీ న్యూ ఇయర్. పన్నెండు దాటాక ఆ అక్షరాల మీదుగా బండి పోనిచ్చేవాడే మన అధికారి.

"విద్యార్థులు, యువత" అన్నచోట పునరుక్తి కదా అని శంక. విద్యార్థి యువత కాడా? దీనికి గోబలీవర్ద న్యాయం చెప్పుకోవాలి. పశువులను తోలుకురా, ఎద్దునూ తోలుకురా అన్నప్పుడు ఎద్దు పశువుల్లోదే అయినా దాని బలంకొద్దీ విడిగా పేరు పెట్టి పిలుస్తారు. ఇక్కడ ఎద్దు ఎవరన్నది పాఠకుల విజ్ఞతకే వదిలేశాను.

"ప్రశాంత వాతావరణంలో" అన్నది పోలీసు వాఙ్మయంలో పల్లవి. ఎన్నికలు, నిమజ్జనాలు, ఉరుసులు, పరీక్షలు అన్నీ ప్రశాంత వాతావరణంలోనే జరగాలి. కానీ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో ఈ మాటకు పాత చరిత్ర ఉంది. ఫ్యాక్షన్ రోజుల్లో ప్రశాంతం అంటే ఊళ్లో పికెట్ ఉందని, రాత్రి బాంబు పేలలేదని, ఎవరి తలుపూ పగల్లేదని అర్థం. అంత బరువు మోసిన మాట ఇప్పుడు కూల్ కేకు కోసే దగ్గరికి దిగింది. అలంకార శాస్త్రం ప్రకారం ఇది పతనం కావచ్చు. నా లెక్కలో మాత్రం ఈ జిల్లాకు ఇంతకన్నా మంచి వార్త లేదు.

"మద్యం సేవించి వాహనాలు నడపరాదు." గ్రంథానికి ప్రాణం ఈ వాక్యమే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగాలి. సేవించి అంటే తాగి. గురువును సేవిస్తాం, తీర్థం సేవిస్తాం. క్వార్టర్ బాటిల్ దగ్గర కూడా పోలీసు భాష ఆ మర్యాద తప్పదు. మద్యం అన్న చోట ఇంకో చిక్కుంది. మన రాష్ట్రంలో ఇరవై ఒక్కేళ్లు నిండనివాడికి మద్యం అమ్మకూడదు. డిగ్రీ చదివేవాళ్లలో చాలామందికి ఓటుంది, ఈ హక్కు లేదు. కాబట్టి వాళ్ల విషయంలో వాక్యం మొదటి మాట దగ్గరే ఆగిపోవాలి. ఆగదని తెలుసు గనకే సూత్రకారుడు మిగతా సగం కూడా రాశాడు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. ఇతను ఈసీఈ మూడో సంవత్సరం. "అన్నా, సేవించి నడపగూడదన్నారు గానీ నడిపి సేవించగూడదని యాడన్నారు? బండ్ల మీద గట్టుకాడికి పోతాం, ఆడ తాగుతాం. దీంట్లో తప్పేముంది?" తర్కం గట్టిదే. "సేవించి" అన్నది క్త్వార్థకం, ముందు జరిగే పనిని చెబుతుంది. ముందు నడిపి తర్వాత తాగేవాడు ఈ నిషేధం కిందికి రాడు. దీనికి సిద్ధాంతి పెద్ద ఖండనేమీ చేయడు. "మళ్లీ ఇంటికి ఎట్ల పోతావప్పా?" అని మాత్రం అడుగుతాడు.

పూర్వపక్షి జవాబు చెప్పకుండా నవ్వుతాడు. ఆ నవ్వు అర్థం నందికొట్కూరు రోడ్డు మీద బ్యారికేడ్ దగ్గర తెలుస్తుంది. కానిస్టేబుల్ మిషన్‌కు కొత్త పైపు తొడిగి మూతి దగ్గర పెడతాడు. "ఊదు. ఊదు, ఊదు, ఊదు... ఆపొద్దు." కుర్రాడు బుగ్గల్లోని గాలి వదిలి, సగంలో ఆపి, లేని దగ్గు దగ్గుతాడు. మిషన్ లెక్కపెట్టదు. "మల్లా ఊదు." దానికి కావలసింది బుగ్గల్లో గాలి కాదు, ఊపిరితిత్తుల అడుగున నెత్తుటిని ఆనుకుని వచ్చిన గాలి. ఆ గాలిలోని ఆల్కహాలు లోపలి సెన్సర్ మీద పడి చిన్నపాటి కరెంటు పుట్టిస్తుంది. ఊపిరిలో ఒక పాలుంటే నెత్తుట్లో 2100 పాళ్లు ఉన్నట్టు లెక్కగట్టి మిషన్ అంకె వేస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మళ్లీ దొరికితే 15,000, రెండేళ్ల దాకా.

ఇక్కడ కొన్ని పరిహారాలు ప్రచారంలో ఉన్నాయి. సోంపు, జామాకు, పుదీనా, నిమ్మకాయ, గ్లాసుడు మజ్జిగ, తల మీద చెంబుడు నీళ్లు. వీటన్నిటికీ వాసన మీద అధికారం ఉంది, అంకె మీద లేదు. 100 మిల్లీలీటర్ల నెత్తుట్లో మద్యం తగ్గేది సుమారుగా గంటకు 15 మిల్లీగ్రాముల చొప్పునే, మజ్జిగ తాగినా తాగకపోయినా. పన్నెండింటికి 90 ఉన్నవాడు 30కి దిగేసరికి నాలుగవుతుంది. కొత్త సంవత్సరం మొదటి దర్శనానికి మహానందికి తెల్లారుజామునే బండి తీసేవాళ్లు ఈ లెక్క ఇంకోసారి వేసుకోవాలి. కోనేట్లో మునిగినా గంటకు పదిహేనే.

ఇప్పుడు అధ్యాహారం. వాక్యంలో లేని మాటను సందర్భం నుంచి తెచ్చి కలుపుకోవడాన్ని వ్యాఖ్యాతలు అలా అంటారు. నడపరాదు సరే, మరి ఎలా రావాలి? దానికి మూలంలో మాట లేదు. ఎందుకు లేదంటే ఈ మూలానికి మాతృక హైదరాబాదుది. అక్కడ ఆ రాత్రి ఫ్లైఓవర్లు మూస్తారు, పబ్బులకు గడువు పెడతారు. నడపవద్దు అన్న వెంటనే క్యాబ్ ఎక్కమనీ చెబుతారు. మెట్రో రైలును మామూలుకన్నా ఆలస్యంగా నడిపిన ఏళ్లున్నాయి. ఆ వాక్యం ఊళ్లకు వచ్చేసరికి సగమే వచ్చింది. మిడుతూరులో మూయడానికి ఫ్లైఓవర్ లేదు, గడువు పెట్టడానికి పబ్బు లేదు, పిలవడానికి క్యాబ్ లేదు. పల్లె బస్సు చీకటి పడ్డాక డిపోలో నిద్రపోతుంది. ఉన్నది రోడ్డు ఒక్కటే.

మల్లినాథుడు భారవి కావ్యానికి రాసిన వ్యాఖ్య పేరు ఘంటాపథం, అంటే గంటలు కట్టిన ఏనుగులు నడిచేంత రాజమార్గం. మన రోడ్డు మీద సంక్రాంతి ముందు రోజుల్లో ఏనుగులు తప్ప అన్నీ ఉంటాయి. సగం రోడ్డు మీద మొక్కజొన్న గింజలు ఆరబోసి, వాహనాలు తొక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చి, మీద పట్టా కప్పి ఉంటుంది. ఇంకొంచెం ముందుకు పోతే వెనక రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీ. పగలు వీటిని తప్పించుకోవడం చిన్నప్పటినుంచీ అలవాటైన విద్య. రాత్రి ఒంటి గంటకు, ఎదురొచ్చే లారీ లైటు కళ్లల్లో కొడుతుండగా, రెండు పెగ్గుల తర్వాత అదే విద్య అక్కరకు రాదు.

మరి ఆ కుర్రాడు ఆ స్థితిలో బండి ఎందుకు ఎక్కుతాడు? ధైర్యంతో అనుకుంటారు. నేను ఒప్పుకోను. భయంతో ఎక్కుతాడు. "నాయనా, తాగినాను, వచ్చి తీస్కపో" అని ఫోన్ చేసే ధైర్యం లేక ఎక్కుతాడు. చెక్‌పోస్టు వాడి రెండో భయం. మొదటి భయం వాకిట్లో మంచమేసుకుని పడుకుని ఉంటుంది.

"ముగ్గురు ప్రయాణించరాదు." 128వ సెక్షన్ ప్రకారం వెనక ఒక్కరే. కాదంటే 194సి కింద 1,000 రూపాయలు, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు. చట్టం ముగ్గురినీ ఒకే గాటన కట్టింది గానీ, మధ్యలో కూర్చున్నవాడిని కొంచెం పరకాయించి చూడాలి. తలకాయ ముందువాడి భుజం మీద వాలి ఉంటుంది, చేతులు రెండూ వేలాడుతుంటాయి, వెనకవాడు వాడి నడుం చుట్టూ చెయ్యేసి పట్టుకుని ఉంటాడు. ఎక్కువ తాగినవాడు వాడే. పడిపోకుండా ఇద్దరి మధ్య ఇరికించి ఇంటికి చేరుస్తున్నారు. నేరంలో ఇంత స్నేహం కలిసి ఉన్నప్పుడు దీన్ని రౌద్రంలో వేయాలా, కరుణలో వేయాలా, రసజ్ఞులు తేల్చాలి. వాడిని గట్టు మీదే వదిలేసి ఇద్దరూ చట్టబద్ధంగా వచ్చి ఉంటే ఎవరికి మేలు?

సైలెన్సర్ల సంగతి త్వరగా ముగిద్దాం. శబ్దం అంటే ఇక్కడ పటాపటా. ప్రయోజనం శూన్యం. ఒక్క మాట మాత్రం: ఈ మండలంలోనే రోళ్లపాడు అభయారణ్యం ఉంది. 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు. మీటరు ఎత్తు పక్షి, గడ్డినేల మీద ఒక్క గుడ్డు పెట్టి, అలికిడైతే చాలు లేచిపోయేది. మిడుతూరు పేరును దేశంలోని పక్షి ప్రేమికులందరికీ తెలిపిన ఆ జీవి మన నుంచి కోరింది కాస్త నిశ్శబ్దమే.

డీజే విషయంలో విరోధాభాసాలంకారం ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు. వేడుకేమో పన్నెండింటికి మొదలవుతుంది. ఇందులో అపవాదం కూడా ఉంది: పండగ సందర్భాల్లో ఏడాదికి 15 రోజులు మించకుండా, అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. అర్ధరాత్రి దాకా సడలించినా మనవాళ్ల పాట అప్పుడే మొదలవుతుంది కాబట్టి విరోధం తీరదు.

"కాలువ గట్లపై వేడుకలు చేయరాదు." దీనికి హాస్యం అతకదు. కె.సి. (కర్నూలు-కడప) కాలువను 19వ శతాబ్దంలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ సాగునీటికే కాకుండా పడవలు నడపడానికి కూడా తవ్వించింది; 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. పడవలు పోయాయి, లోతు మిగిలింది. లైనింగు చేసిన చోట వాలు మీద పాచి పట్టి ఉంటుంది. కాళ్లు కడుక్కోవడానికి దిగినవాడు జారితే మళ్లీ ఎక్కడానికి వేళ్లకు పట్టు దొరకదు, ఈత వచ్చినా సరే.  సెల్‌ఫోన్ టార్చి వెలుగులో నీళ్లన్నీ మోకాటి లోతే అనిపిస్తాయి.

మైనర్ల వాక్యంలో కర్త తల్లిదండ్రులు. పద్దెనిమిది నిండనివాడు నడుపుతూ తప్పు చేస్తే 199ఎ సెక్షన్ కింద బండి ఇచ్చినవారికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఇంటర్ చదివే కొడుక్కి "పాలు తెచ్చిపో" అని తాళంచెవి ఇచ్చే నాయన ఈ వాక్యాన్ని తన గురించి అనుకోడు. ఆ నాయనే పైన చెప్పిన మంచం మీద పడుకున్నవాడు.

"అవాంఛనీయ సంఘటన" అంటే ఎవరూ కోరుకోనిది. ఎవరూ కోరుకోనిదానికి పాల్పడటమెలాగో వ్యాకరణానికి అందదు. కఠిన చర్యలు ఫలశ్రుతి: కేసు పడితే పాస్‌పోర్టు ఎంక్వయిరీలో తేలుతుందని తెలిసిన అమెరికా ఆశావహులకు ఇది అన్ని సెక్షన్లకన్నా బాగా ఎక్కుతుంది. శుభాకాంక్షలు మంగళాంతం, సంప్రదాయం కొద్దీ వచ్చింది.

పాఠాంతరం. లిఖిత ప్రతుల్లో ఎక్కడా లేని ఒక పాఠం మౌఖికంగా నడుస్తోంది. స్వెట్టర్ మీద రిఫ్లెక్టర్ జాకెట్ తొడుక్కున్న ముసలి కానిస్టేబుల్, కేసు రాయడం అయ్యాక, తాళంచెవి జేబులో వేసుకుని చెప్పేది: "యాడ తాగినారో ఆడనే పండుకోవల్ల రా. లేదంటే మీ నాయనకు ఫోన్ చెయ్. తిడ్తే తిట్టనీ, వచ్చి తీస్కపోతాడు." భాష గ్రామ్యమనీ, శైలి కలవదనీ దీన్ని ప్రక్షిప్తం కింద కొట్టేసే పండితులుంటారు. నేను మాత్రం దీన్ని మూలంలో రెండో వాక్యం తర్వాత చేరుస్తున్నాను, "తిడ్తే తిట్టనీ" కూడా తీసేయకుండా. వచ్చే ఏడు ఆటో మైకులో చదివేవారు ఈ ప్రతినే వాడుకోవచ్చు. హక్కులు ఎవరివీ కావు.