సుగ్గికి పోయిన ఓటీపీ

నేను కర్నూలు జిల్లా కోసిగి మండలంలో ఒక ఊరి హెల్త్ క్లినిక్‌లో ఉండే ట్యాబును. బల్ల మీద నా పక్కనే బీపీ మిషను, షుగరు మిషను ఉంటాయి. అవి చూపిన అంకెలను సిస్టరమ్మ నాలో ఎక్కిస్తుంది. ఎక్కడో దూరాన కూర్చున్న డాక్టరు ముఖం నాలో కనిపిస్తుంది. ఈ-సంజీవని అనే ఈ ఏర్పాటును హెల్త్ సెంటర్లలో దేశంలో అందరికంటే ముందు, 2019 నవంబరులో, మొదలుపెట్టింది మన ఆంధ్రప్రదేశే. పెద్ద డాక్టరు కావాలంటే ఆదోనికో కర్నూలుకో బస్సెక్కాల్సిన ఊళ్లలో, మోకాళ్లు పట్టేసిన ముసలివాళ్లకు ఇదెంత ఆసరానో రోజూ చూస్తున్నాను.

మిరప కోతల కాలంలో నా ముందు కూర్చునేది ఎక్కువగా అవ్వలు, తాతలే. వానల్లేక, పనుల్లేక ఇక్కడి పడుచువాళ్లు గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఊళ్లో మిగిలేది పెద్దవాళ్లు, వాళ్ల చేతుల్లో మనవళ్లు.

ముసలివాళ్లకు మిషన్లంటే భయమనీ, చెప్పినా అర్థం కాదనీ అంటారు. నేనొప్పుకోను. మొన్న ఒక అవ్వ ఎండలో నడిచొచ్చి ఆయాసపడుతుంటే సిస్టరమ్మ ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేల మీద పెట్టించి, చెయ్యి గుండె ఎత్తున ఉంచి పట్టీ చుట్టింది. "గమ్మునుండవ్వా, మాట్లాడితే బీపీ ఎక్కువ సూపిస్చాది" అంది. 160 మీద 100 వచ్చింది. డాక్టరు పలకరించగానే అవ్వ తెర దగ్గరికి జరిగింది.

"తలకాయ నొయ్యలేదు నాయనా, అందుకే మాత్ర మానేస్తి."

నొప్పి తెలియకపోయినా బీపీ లోపల గుండెనూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుందని ఆయన విడమరిచి చెప్పాడు. "అట్లయితే ఈ మాత్ర పొద్దున్నా, మాపునా?" అని అడిగింది అవ్వ. అర్థం కాకపోతే ఆ ప్రశ్న ఎట్లా వస్తుంది?

అడ్డం పడేది వేరే చోట. వైద్యం వివరాలన్నీ ఒకచోట ఉండాలంటే 14 అంకెల ఆభా నంబరు తియ్యాలి. ఆధార్ గుర్తింపుకు వేలు పెడితే పడదు. బతుకంతా శెనక్కాయలు ఒలిచి, కలుపు తీసి గీతలు అరిగిన వేళ్లవి. మిగిలింది ఆధార్‌కు జతచేసిన ఫోనుకు వచ్చే ఓటీపీ. "ఫోను నా కొడుకు కాడుండాది, వాడు సుగ్గికి పాయె" అంటుంది అవ్వ. సిస్టరమ్మ వాడికి ఫోన్ చేస్తుంది. వాడు చేలో ఉంటాడు, ఎత్తడు. ఎత్తి అంకెలు చదివేలోపు గడువు దాటిపోతుంది. కడప వైపు నాతోటి ట్యాబులదీ ఇదే గోడు, అక్కడి కొడుకులు చాలామంది కువైట్‌లో ఉంటారు. ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చాక కొంత నయం. "కండ్లు ఆర్పు అవ్వా" అంటే ఆర్పుతుంది, వెలుతురు బాగుంటే పని అయిపోతుంది.

70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరులో వచ్చింది. దానికీ ఆధార్ గుర్తింపు తప్పదు.

సుగ్గికో కువైట్‌కో బయల్దేరే నాయనలారా, పోయే ముందు ఒక్క పూట మీ అమ్మనో నాయననో ఆధార్ సెంటరుకు తీసుకుపోండి. ఇంట్లోనే ఉండే ఫోను నంబరును వాళ్ల ఆధార్‌కు జతచేయించి, ఆ సిమ్ము వాళ్ల చేతికిచ్చి పొండి.