వాలుతలం మీద దిమ్మె: సటీకా తాత్పర్యం

మూలం: "30 డిగ్రీల వాలు గల నునుపైన తలంపై 2 కిలోల దిమ్మె నిశ్చలస్థితి నుండి జారుచున్నది. 10 మీటర్లు జారిన పిమ్మట దాని వేగమెంత? జీ = 10 గా తీసుకొనుము."

అవతారిక: ఎంసెట్ ముంగిట నిలిచిన ఇంటర్ విద్యార్థిని అజ్ఞాతకర్త ఒకడు ఇట్లు పరీక్షిస్తున్నాడు. ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ అని నామకరణం జరిగినా హాస్టల్ గదుల్లో అది ఎంసెట్టే కనుక మనమూ అలాగే అందాం.

టీక: నునుపైన = ఘర్షణ బొత్తిగా లేని. ఇటువంటి తలం లోకంలో లేదు, కుందేటి కొమ్ము జాతిది. అయినా ప్రశ్న ప్రాణమంతా ఈ విశేషణంలోనే ఉంది. విద్యార్థి కన్ను మాత్రం దీన్ని దాటి నేరుగా అంకెల మీద వాలుతుంది. 2 కిలోల = పాదపూరణార్థం. ద్రవ్యరాశి సమీకరణానికి రెండు వైపులా ఉండి కొట్టుకుపోతుంది. దిమ్మె 200 కిలోలైనా జవాబు మారదు. నిశ్చలస్థితి నుండి = తొలివేగం సున్నాగా. జారుచున్నది = దొర్లడం లేదని భావం. దిమ్మెకు బదులు ఘనగోళం జారకుండా దొర్లితే త్వరణం ఏడింట ఐదు వంతులే మిగులుతుంది. గాలి నిరోధం లేదని అధ్యాహారం. జీ = 10 అన్నచోట 9.8 అని పాఠాంతరం. ఆ పాఠం పట్టుకున్నవాడికి 9.9 వస్తుంది. ఆప్షన్లలో అదీ ఉంటుంది, కర్త అంత దయామయుడు.

తాత్పర్యం: త్వరణం జీ సైన్ 30, అనగా 5. వేగవర్గం 2 × 5 × 10 = 100. కనుక వేగం సెకనుకు 10 మీటర్లు.

రసం: భయానకం. ఆలంబనం ప్రశ్న, ఉద్దీపనం తెర మూలన వెనక్కి నడిచే గడియారం.

పూర్వపక్షం: కోచింగ్ సంప్రదాయ వ్యాఖ్యాతలు దీన్నంతా చాదస్తమంటారు. 180 నిమిషాల్లో 160 బిట్లు, వాటిలో ఫిజిక్సువి 40. బిట్టుకు సుమారు 67 సెకన్లు. ఇందులో అన్వయానికి తీరికెక్కడిది? 'వాలుతలం' అని కనబడగానే షార్ట్‌కట్ అందుకోవాలి, 'జీ సైన్ థీటా' అని జపించి ముందుకు పోవాలి అని వారి మతం.

సిద్ధాంతం: ఈ మతం 'నునుపైన' ఉన్నంతవరకే చెల్లుతుంది. వచ్చే ఏడు కర్త అదే దిమ్మెను, అదే వాలును, అవే 10 మీటర్లను ఉంచి, 'గరుకైన' అని మార్చి, ఘర్షణ గుణకం 0.29 అని చేరుస్తాడు. త్వరణం దాదాపు సగమై వేగం 7 దగ్గర ఆగుతుంది. జపసిద్ధుడు 10 మీదే నొక్కుతాడు, ఎందుకంటే 10 ఇంకా ఆప్షన్లలోనే ఉంది! వంద మోడల్ పేపర్లు చేసినవాడు సైతం ఇక్కడ బోల్తా పడటం సూత్రం రాక కాదు, ప్రశ్న చదవక. అన్వయానికి పట్టేది పది సెకన్లు. మిగిలిన 57 లెక్కకు చాలు, ఈ లెక్కకైతే ఎక్కువే.

ఫలశ్రుతి: ఎంసెట్లో ఈ అపార్థానికి పోయేది ఒక్క మార్కే, తప్పుకు కోత లేదు. జేఈఈ మెయిన్‌లో మాత్రం నాలుగు రాకపోగా ఉన్నవాటిలోంచి ఒకటి పోతుంది.