ఎడారిలో ఆటవెలది: సటీక, సతాత్పర్యం

మూలం

టాంకు నిండ నింపి టైరుగాలిని జూచి
నీళ్లసీస కట్టి నెత్తి గప్పి
ఇసుకదారి నొంటె యెదురైన నాగుచు
పొద్దు గూకకుండ పోయి రమ్ము

అవతారిక

జైసల్మేరు కోట కింద బైకులు అద్దెకిచ్చే ఆసామి ఒకడు దక్షిణాది నుంచి వచ్చిన బాటసారికి తాళంచెవి చేతికిస్తూ చేసిన ఉపదేశం ఇందలి విషయం. దారి జైసల్మేరు నుంచి రామ్‌గఢ్, అక్కణ్ణించి తనోట్, తనోట్ నుంచి లోంగేవాలా, మళ్ళీ రామ్‌గఢ్ మీదుగా జైసల్మేరు. మొత్తం చుట్టు ఇంచుమించు 270 కిలోమీటర్లు. మన వైపు హైవే ఎక్కితే ఈ దూరం ఒక్క పూటలో తేలిపోతుంది. థార్‌లో దానికి పగలంతా కావాలి. ఎందుకు కావాలో చెప్పడానికి పద్యం పుట్టింది. పద్యం చెప్పకుండా మింగినదాన్ని కక్కించడానికి వ్యాఖ్యానం పుట్టింది.

ప్రతిపదార్థం

టాంకు = పెట్రోలు టాంకును; నిండన్ = నిండుగా; నింపి = డబ్బిచ్చి పోయించి; టైరు గాలిని = రెండు చక్రాల్లోని గాలిని; చూచి = గేజి పెట్టి చూసుకొని (కాలితో తన్ని చూచుట అని కొందరు; అది సంప్రదాయమే గాని ప్రమాణం కాదు); నీళ్లసీస = మంచినీళ్ల బాటిలును; కట్టి = వెనక సీటుకు తాడుతో బిగించి; నెత్తిన్ = తలను; కప్పి = హెల్మెట్టుతో మూసి, పట్టీ కూడా పెట్టి; ఇసుకదారిన్ = గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక గల తారురోడ్డు మీద; ఒంటె = ఉష్ట్రము; ఎదురైనన్ = అడ్డం వచ్చినట్లయితే; ఆగుచున్ = హారన్ కొట్టక నిలుచుచు; పొద్దు = సూర్యుడు; గూకకుండన్ = అస్తమించకముందే; పోయి = వెళ్ళి; రమ్ము = తిరిగి రా.

తాత్పర్యం

పెట్రోలు పోయించుకొని, టైర్లలో గాలి చూసుకొని, నీళ్లు కట్టుకొని, హెల్మెట్టు పెట్టుకొని, ఒంటె అడ్డమొస్తే ఆగి, చీకటి పడకముందే తిరిగి రావయ్యా అని భావం. ఇంతేనా అని పెదవి విరిచే వారి కోసం విశేషాలు.

విశేషాలు

టాంకు నిండ: ఇక్కడ మైలేజీ మతం వారి పూర్వపక్షం ఒకటుంది. బండి టాంకు 13 లీటర్లు, లీటరుకు 35 వేసుకున్నా 450 కిలోమీటర్లు దాటుతుంది, మరి జైసల్మేరులో నింపినవాడు రామ్‌గఢ్‌లో మళ్ళీ పోయించడం పునరుక్తి దోషం కాదా? కాదు. ఆ లెక్క చదునైన రోడ్డు మీద, గాలి లేని రోజున చేసింది. ఎదురుగాలిలో, ఇసుకలో రెండో గేరు మీద మూలుగుతూ పోయే బండికి ఆ లెక్క తెలియదు. రామ్‌గఢ్ దాటాక ఇంకో బంకు తగులుతుందని ఆశ పెట్టుకోకూడదు. పునరుక్తి కావ్యంలో దోషం, పెట్రోలులో గుణం.

బుల్లెట్ మతం వారు మరో మెట్టు ఎక్కి, 1950లలో మన సైన్యం సరిహద్దు గస్తీకి ఎంచుకున్నది బుల్లెట్టే, 1955 నుంచి మద్రాసులో తయారీ మొదలైందీ అదే, కనుక ఈ పద్యం బుల్లెట్‌కే చెల్లుతుందని వాదిస్తారు. కవి బండి పేరే ఎత్తలేదు. టైరు మాట మాత్రం ఎత్తాడు. టైరు బాగున్న బండి ఏదైనా గ్రాహ్యమే.

టైరుగాలిని జూచి: "నింపి" అనగల కవి "జూచి" అని ఎందుకన్నాడు? గాలి ఎక్కువైనా కష్టమే కనుక. మెత్తటి ఇసుకలో దూరం పోవాలంటే టైరులో గాలి కొంత తీసేయాలి. అప్పుడు టైరు వెడల్పుగా పరుచుకుని ఇసుక మీద నిలుస్తుంది, లేకుంటే కూరుకుపోతుంది. మళ్ళీ తారెక్కాక గాలి పట్టించుకోవాలి గనుక చిన్న పంపు వెంట ఉండాలని ధ్వని. చూసేది కూడా పొద్దున్నే, టైరు చల్లగా ఉండగానే. మధ్యాహ్నం కాలిన టైరులో గాలి వ్యాకోచించి గేజి ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసినవాడు సాయంత్రం చల్లబడ్డాక చింతిస్తాడు.

నీళ్లసీస, నెత్తి: పొడిగాలిలో చెమట పట్టిన జాడే తెలియదు, పట్టిన వెంటనే ఆరిపోతుంది. దాహం వేశాక తాగుదామనుకునేవాడు అప్పటికే ఆలస్యం చేశాడు. ఎండ ముదిరాక జాకెట్టు జిప్పు తీసి గాలి పోసుకోవడం కూడా భ్రమే. గాలి ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు అది చల్లార్చదు, కాలుస్తుంది. జోధ్‌పూర్ నుంచి జైసల్మేరు వచ్చే వైపే ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. కాబట్టి పద్యంలో ఋతువు చెప్పకపోయినా అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అని అధ్యాహారం చేసుకోవాలి. ఈ పద్యానికి మకుటం లేదే అని ఛాందసులు అడుగుతారు. నెత్తి మీద హెల్మెట్టుండగా వేరే మకుటమెందుకు?

ఇసుకదారి: రోడ్డు రోడ్డే, ఇసుకే పరాయిది. గాలి రాత్రికి రాత్రి దిబ్బ అంచును తెచ్చి తారు మీద పరుస్తుంది. దూరం నుంచి అది నీడలా కనిపిస్తుంది, దగ్గరికొస్తే జానెడు మందం ఉంటుంది. అందులోకి దిగాక ముందు బ్రేకు పట్టినవాడు పడతాడు. ఇసుకకు ముందే వేగం తగ్గించి, లోపల యాక్సిలరేటర్ ఒకేలా ఉంచి, చక్రం వంక కాక అవతలి ఒడ్డు వంక చూస్తూ పోవాలి.

ఒంటె యెదురైన: పద్యానికి ఇదే ప్రాణం. ముందు కాళ్లు రెంటికీ కలిపి తాడు కట్టి మేతకు వదిలిన ఒంటె కుప్పిగంతులతో రోడ్డెక్కుతుంది. సరిగ్గా మధ్యకొచ్చి నిలబడుతుంది. కింది పెదవి వేలాడేసి, దవడ అడ్డంగా ఆడిస్తూ హెడ్‌లైటు వంక చూస్తుంది. హారన్ కొడితే వినదు. వింటే ఇంకా ప్రమాదం, ఏ వైపు దూకుతుందో దానికీ తెలియదు. బండి దాని కాళ్లను తాకితే నాలుగైదు క్వింటాళ్ల ఒళ్లు వచ్చి రైడరు మీద పడుతుంది. అందుకే ఆగమన్నాడు. 2014లో రాజస్థాన్ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర జంతువుగా ప్రకటించింది గనుక ప్రొటోకాల్ ప్రకారం కూడా ఆగవలసిందే.

ఆగిన కాసేపూ అది మేసే చెట్టును చూడవచ్చు. అక్కడ ఖేజ్రీ అంటారు, మనకు జమ్మి. రాజస్థాన్‌కూ తెలంగాణకూ రాష్ట్ర వృక్షం ఇదొక్కటే. మనం దసరాకు ఆకు పుచ్చుకుంటాం, ఒంటె ఏడాది పొడుగునా పుచ్చుకుంటుంది. దాని కాయలు ఎండబెట్టి వండితే సాంగ్రీ కూర, జైసల్మేరు హోటళ్లలో దొరుకుతుంది.

పొద్దు గూకకుండ: మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖ చెప్పినట్టు నడుస్తుంది. జైసల్మేరు 71 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడికి ముప్పావుగంట ఆలస్యంగా వస్తాడు, ఆలస్యంగానే పోతాడు. సాయంత్రం ఇంకా వెలుగుందని మురిసేవాడు పొద్దున ఏడు దాకా చీకటేనన్న సంగతి మరిచాడు. పగలు సాగలేదు, జరిగిందంతే. చీకటి పడ్డాక పశువులు వెచ్చగా ఉందని తారు మీద పడుకుంటాయి, వాటికి వెనక లైట్లుండవు.

అలంకారం

శ్లేష. టాంకు అంటే బండి టాంకు ఒకటి. థార్‌లో వాననీటిని నేలలో దాచే తొట్టిని టాంకా అంటారు, అది రెండు. మూడోది యుద్ధ టాంకు. 1971 డిసెంబరు 4 రాత్రి లోంగేవాలా మీదికి పాకిస్తాన్ టాంకులు వచ్చాయి. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురీ నాయకత్వంలో 23 పంజాబ్ దళం తెల్లవార్లూ నిలిచింది. టాంకులు ఇసుకలో దిగబడ్డాయి. వెలుగు రాగానే జైసల్మేరు నుంచి హంటర్ విమానాలు వాటి పని పట్టాయి. టిఫిను లోంగేవాలాలో, భోజనం రామ్‌గఢ్‌లో, రాత్రి విందు జైసల్మేరులో అని పాకిస్తాన్ వారు పథకం వేసుకున్నారని అక్కడ చెప్పుకుంటారు. మన పద్యంలోని దారే అది. ఇసుక తనిఖీ చేయని ప్రయాణికుడికి ఇంతకన్నా దృష్టాంతం అక్కరలేదు. తనోట్ మాత గుడిలో 1965 యుద్ధంలో పడి పేలని బాంబులు చూపిస్తారు. గుడి బాధ్యత సరిహద్దు భద్రతా దళానిది. అక్కడి నుంచి సరిహద్దు వైపు ఇంకా ముందుకు పోవాలంటే అనుమతి కావాలి, పద్యం చూపిస్తే ఒప్పుకోరు.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో నాలుగో పాదం "పొద్దు గూకు వేళ ఫోటొ తీయి" అని ఉంది. యతి కుదిరింది, గణాలు కుదిరాయి, అర్థం కుదరలేదు. లోంగేవాలాలో సూర్యాస్తమయం ఫోటో తీసుకున్నవాడు రమారమి వంద కిలోమీటర్లు చీకట్లో రావాలి. ఇది ఫోన్లు వచ్చాక చేరిన ప్రక్షిప్తం, త్యాజ్యం.

వ్యాకరణం

నింపి, జూచి, కట్టి, గప్పి అన్నీ క్త్వార్థకాలు, అంటే పూర్తికాని క్రియలు. విచిత్రమేమంటే "పోయి" కూడా ఆ జాబితాలోదే. ఇన్ని క్రియలు పరిగెత్తినా వాక్యం ముగిసేది ఒక్క "రమ్ము" దగ్గరే. ఎంత దూరం పోయావు, ఎంత వేగంగా పోయావు అన్న ప్రశ్నలు అసమాపకాలు. తిరిగొచ్చిన రోజే రైడు.

ఫలశ్రుతి

దీన్ని నిత్యం పఠించిన వారికి పంక్చరు పడదని హామీ లేదు, కాబట్టి కిట్టు దగ్గరుంచుకోండి. తనోట్ వైపు ఫోను సిగ్నల్‌ను నమ్ముకోలేం. ఏ దారిన పోతున్నారో, ఎన్ని గంటలకు వస్తారో బయల్దేరే ముందే ఇంటికి చెప్పండి. పద్యం కంఠస్థం కాకపోయినా నష్టం లేదు, రామ్‌గఢ్ బంకులో మాత్రం తప్పక ఆగండి.