రైలు దోపిడీ చెక్కతో గిటార్ చేయించుకోవడం ఎలా?

దుకాణంలో గిటార్ కొనుక్కునేవాళ్ళు అమాయకులు. గోడకు వేలాడుతున్న వాటిలో నాలుగింటిని వాయించి చూసి, చెవికి నచ్చినదాన్ని ఇంటికి తెచ్చుకుని, ఆ సాయంత్రమే పాట మొదలుపెట్టేస్తారు. అంత తొందర మనకు తగదు. చేత్తో గిటార్లు చేసే లూథియర్ ఎవరో కనుక్కోవాలి. ఆయన వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకోవాలి. మన వంతు వచ్చాక, ఆయన ఏనాడూ వాడని చెక్కతో టాప్ వెయ్యమని అడగాలి. ఈ చివరి మెట్టు మీద ధైర్యం చాలక చాలామంది వెనక్కి వచ్చేస్తున్నారని తెలిసి ఈ హితవులు రాస్తున్నాను.

టాప్ అంటే తీగల కింద ఉండే పైపలక. గిటార్ మోత చాలావరకు దాని చలవే. స్టీలు తీగల గిటార్లో దాని మందం మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆరు తీగలూ కలిసి డెబ్భై కిలోలకు పైగా బలంతో దాన్ని లాగుతూనే ఉంటాయి. ఆ లాగుడుకి అది ముడుచుకుపోకూడదు, వేలు మీటగానే మాత్రం ఊగాలి. తేలికగా ఉంటూనే గట్టిగా నిలబడే చెక్క కావాలి కాబట్టి స్ప్రూస్‌ను తరతరాలుగా వాడుతున్నారు. అలాస్కా వైపు నుంచి వచ్చే సిట్కా, తూర్పు అమెరికా ఆడిరొండాక్, ఆల్ప్స్ కొండల్లో పెరిగే రకం... లూథియర్ ముందుగా ఇవే తెచ్చి చూపిస్తాడు. ఒక్కొక్క పలకనీ పుచ్చకాయ తట్టినట్టు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. మీరూ తట్టండి. ఏమీ తెలియకపోయినా తలాడించండి. తరవాత నెమ్మదిగా, "ఇవి అందరి దగ్గరా ఉండేవే కదండీ" అనండి.

అక్కణ్ణుంచి అసలు పని మొదలు. చెక్కకు మోత ఉండకపోయినా ఫరవాలేదు, కథ ఉండాలి. ఉత్తర కాలిఫోర్నియా నదుల్లో పందొమ్మిదో శతాబ్దంలో దుంగలు తేలించుకుపోతుంటే కొన్ని మునిగిపోయాయి. వందేళ్ళకు పైగా బురదలో నాని రంగులు తిరిగిన ఆ రెడ్‌వుడ్‌ను ఇప్పుడు బయటికి లాగి టాపులు కోస్తున్నారు. ఇది కొంచెం మంచి కథే. బెలీజ్ దేశపు చికిబుల్ అడవిలో 1965లో నరికితే లోయలో పడిపోయి, ఏళ్ళ తరవాత గాని బయటికి రాని మహాగని చెట్టు ఒకటుంది. గిటార్ లోకంలో దాని పేరే "ద ట్రీ". దాని ముక్క అడగాలంటే బ్యాంకువాళ్ళతో చనువుండాలి.

నన్నడిగితే వీటన్నిటికీ మించినది పదమూడో నంబరు సొరంగం చెక్క. ఆరెగాన్ రాష్ట్రంలో సిస్కియూ కొండల కింద రైలు సొరంగం అది. 1923 అక్టోబరు 11న ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ళలో ఇద్దరు కవలలు, అక్కడ రైలు ఆపి తపాలా పెట్టెను డైనమైట్‌తో పేల్చారు. నలుగురు చనిపోయారు. దొంగలకు చిల్లిగవ్వ దొరకలేదు. ఘటనా స్థలంలో దొరికిన ఓవరాల్స్ మీద మరకలు చూసి పోలీసులు గ్రీజు అనుకున్నారు, ఒక మెకానిక్‌ను పట్టుకుపోయారు. బర్క్‌లీలో ఉండే ఎడ్వర్డ్ హైన్రిక్ అనే నిపుణుడు ఆ మరకలు పరీక్షించి, ఇది ఫర్ చెట్ల జిగురు, ఇవి తొడుక్కున్నవాడు అడవిలో చెట్లు కొట్టేవాడు అని తేల్చాడు. ఆ కేసు మొత్తంలో చెక్క గురించి తెలిసినవాడు ఆయనొక్కడే అనిపిస్తుంది. 2003లో ఆ సొరంగం లోపల నిప్పంటుకుంది. అక్కడి రెడ్‌వుడ్ దూలాల్లో మిగిలినవి గిటార్ టాపులయ్యాయి. ఇప్పుడు చెప్పండి, ఇంటికొచ్చిన చుట్టాలకు చూపించడానికి సిట్కా స్ప్రూస్‌కు ఇంత చరిత్ర ఉందా? పాట వినిపించే అవసరం కూడా తప్పిపోతుంది. కథ అయ్యేసరికి భోజనాల వేళ అవుతుంది.

మనవాళ్ళు మాత్రం ఈ దశలో తప్పకుండా ఎర్రచందనం మాట ఎత్తుతారు. ఎత్తాలి కూడా, అది శేషాచలం కొండల బిడ్డ, పైగా "పుష్ప" వచ్చాక దాని వెల చిన్నపిల్లలకీ తెలుసు. కాకపోతే 1995 నుంచి అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం కింద దానికి కాపలా ఉంది, మన ప్రభుత్వాల కాపలా సరేసరి. కాగితాలు లేని ముక్క ఒకటి సూట్‌కేసులో పెట్టుకుని అమెరికా విమానం ఎక్కండి, మీ కథ మిగతా అన్ని చెక్కల కథల్నీ మించిపోతుంది. అక్రమంగా తెచ్చిన వన్యప్రాణుల సరుకును అడ్డుకునే లేసీ చట్టం అమెరికాలో ఒకటుంది. 2008లో దాన్ని చెక్కకూ వర్తింపజేశాక, గిబ్సన్ అంతటి గిటార్ కంపెనీ మీదే రెండుసార్లు దాడులు చేశారు. వాటిలో ఒకటి మన దేశం నుంచి వెళ్ళిన ఫింగర్‌బోర్డు చెక్క గురించి. 2012లో మూడు లక్షల డాలర్లు కట్టి ఆ కంపెనీ బయటపడింది. ఇక మోత సంగతంటారా, ఎర్రచందనం నీళ్ళలో వేస్తే మునిగేటంత బరువు. జపానువాళ్ళు తమ షామిసెన్ వాద్యానికి దాన్ని ఇష్టంగా వాడతారు గాని మెడకు మాత్రమే. మోగే చోట చర్మం బిగిస్తారు. వాళ్ళకు తెలియక కాదు.

ఎర్రచందనం కుదరకపోతే పనస అడగండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు, నూజివీడు వీణా పనసదే. మనకు ఇంతకంటే మామూలు చెక్క లేదు, అమెరికా లూథియర్‌కు ఇంతకంటే వింత చెక్క ఉండదు. వీణలో తీగలు గుర్రం (బ్రిడ్జి) మీదుగా వెళ్ళి చివర కట్టుకుంటాయి, గుర్రాన్ని కిందికి నొక్కుతాయి. గిటార్లో గుర్రాన్ని పలకకే అతికిస్తారు, తీగలు దాన్ని ముందుకు మెలిపెట్టి లాగుతాయి. కాబట్టి వీణలు చేసిన చేతుల అనుభవం గిటార్ పలక మందం దగ్గర అక్కరకు రాదు. ఈ సంగతి లూథియర్ చెప్పబోతే, మీ తాతగారు వీణ వినేవారని చెప్పి ఆయన నోరు మూయించండి.

ఆయన అప్పటికీ లొంగకపోతే చరిత్ర తియ్యండి, కాస్త జాగ్రత్తగా. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో టోరెస్ వెనకా పక్కలా అట్టతో ఒక గిటార్ చేశాడు. వింత పదార్థంతో గిటార్ మోగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ గిటార్ టాప్ మాత్రం నికార్సయిన స్ప్రూస్ అన్న సంగతి మీరు ఎత్తవద్దు. లాంకాస్టర్ విశ్వవిద్యాలయంవాళ్ళ పరిశోధన ఒకటి 2018లో అచ్చయింది. వెనకచెక్క, పక్కచెక్క తప్ప మిగతాదంతా ఒకేలా ఉన్న ఆరు గిటార్లను, మసక వెలుతురులో, వెల్డింగ్ కళ్ళద్దాలు పెట్టించి 52 మంది గిటారిస్టులకు ఇచ్చారు. ఖరీదైన చెక్కకూ చౌక చెక్కకూ వాళ్ళు దాదాపు ఒకే మార్కులు వేశారు. దీన్నిబట్టి సరదా తీర్చుకోవాలంటే వెనకవైపు తీర్చుకోవడం క్షేమమని తెలివైనవాడు గ్రహిస్తాడు. కాని వెనక ఉన్న చెక్కను ఫోటోలో ఎవరు చూస్తారు? మీ పొట్టకు ఆనుకుని ఉండే చోట దోపిడీ కథ పెట్టి ఏం లాభం? వింతంతా పైనే ఉండాలి. నష్టం వస్తే వచ్చేదీ అక్కడే అనుకోండి.

నిజాయితీగా మీ పక్షాన నిలిచే సాక్షులు ఇద్దరున్నారు. మాడ్రిడ్‌లో మూడో హొసే రమిరెజ్ 1960ల మధ్యలో క్లాసికల్ గిటార్‌కు వెస్టర్న్ రెడ్ సీడర్ టాప్ వేశాడు. అప్పట్లో అది వింత, ఇప్పుడు ఏ దుకాణంలో అడిగినా ఇస్తారు. టేలర్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన బాబ్ టేలర్ 1995లో సామాను మోసే పాలెట్ చెక్కలు విడగొట్టి గిటార్ చేసి ట్రేడ్ షోలో పెట్టాడు. మేకుల రంధ్రాలు దాచలేదు సరికదా, అల్యూమినియంతో నింపి మెరిపించాడు. అది చక్కగా మోగింది. ఎందుకు మోగిందీ అంటే చేసినవాడు బాబ్ టేలర్ కాబట్టి. ఏ పలకను ఎంత పలచన చెయ్యాలో, అడుగున అతికించే బ్రేసులు, అంటే ఊతకర్రలు, ఎక్కడ చెక్కాలో ఆ చేతులకు తెలుసు. మీకు ఆ వాక్యంతో పనిలేదు, "పాలెట్" అన్న మాట చాలు.

లూథియర్ ఒప్పుకున్నాక ప్రతి వారం ఫోటోలు పంపమనండి. బ్రేసింగ్ ఎలా ఉండాలో మీరు చూసిన వీడియోలు పంపండి. ఆయన కీబోర్డు దగ్గర గడిపే ప్రతి గంటా ఉలి దగ్గర తగ్గుతుందన్న చింత మీకెందుకు? ఫింగర్‌బోర్డు మీద ముత్యపు చిప్పతో రైలింజను పొదగమనండి, పొగతో సహా.

గిటార్ చేతికొచ్చాక తేమ నలభై అయిదు, యాభై శాతం దగ్గర ఉంచమని చీటీ రాసి పెడతాడు. విశాఖలో ఉండేవాళ్ళు దాన్ని చదివి నవ్వుకోవచ్చు. హైదరాబాదు వాళ్ళు ఎండాకాలమంతా ఏసీ గదిలో గోడకు తగిలించి, రెడ్‌వుడ్ ఎంత సులువుగా చీలుతుందో కళ్ళారా చూడవచ్చు. అది మెత్తటి చెక్క కూడాను, గోరు తగిలినా గుంట పడుతుంది. కాబట్టి వాయించకపోవడం మంచిది.

ఇంకొక్క జాగ్రత్త. ఆర్డరు ఇచ్చేముందు, "ఈ చెక్కతో మీరు ఇంతకు ముందు చేసిన గిటార్ ఒకటి వాయించి చూడొచ్చా?" అని పొరపాటున కూడా అడగకండి. అడిగారంటే ఆయన ఒకటి చేతికిస్తాడు, లేదా ఇంతవరకు చెయ్యలేదని ఒప్పుకుంటాడు. ఎలా జరిగినా మీరు మామూలు స్ప్రూస్ గిటార్‌తో ఇంటికి చేరే ప్రమాదం ఉంది. అడగకుండా సంతకం పెట్టేవాళ్ళు ఒప్పందం చివరి పేరా చదువుకోండి: చెక్క కోశాక అడ్వాన్సు వెనక్కి ఇవ్వరు.