పాతబస్తీలో కెమెరా దొర

చలికాలం ఆదివారం పొద్దున్నే ఈయన చార్మినార్ దగ్గర ప్రత్యక్షమవుతాడు. ఒంటినిండా జేబుల కోటు, మెడలో సొరకాయంత లెన్సు, మనసులో నాలుగు వందల ఏళ్ల కిందటి నగరం. అక్కడ ఇంకా మనుషులు కాపురం చేస్తుండటమే ఆయనకొచ్చిన చిక్కు. కరెంటు తీగలు అడ్డం, స్కూటర్లు అడ్డం, ఫ్లెక్సీలు మరీ అడ్డం. గడ్డం నెరిసిన పెద్దాయన సాసర్లో చాయ్ పోసుకుంటే పరుగున వెళ్లి తీస్తాడు. పక్కనే ఫోన్ చూస్తూ అదే చాయ్ తాగే మనవడితో మాత్రం, "బాబూ, కొంచెం జరుగుతావా?" మక్కా మసీదు పావురాలు వాటంతటవి ఎగిరేదాకా ఆగలేక, ఎవరిచేతనో చప్పట్లు కొట్టిస్తాడు.

చరిత్రను పట్టుకుంటున్నానని ఆయన నమ్మకం. నిజానికి చెరిపేస్తున్నాడు. పత్తర్‌గట్టీలో అంగళ్లు తెరవకముందే వచ్చి, ఖాళీ రాతి కమానులను కుతుబ్‌షాహీల నిశ్శబ్దంగా తీసుకుపోతాడు. కుతుబ్‌షాహీలకూ వాటికీ సంబంధం లేదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు దుకాణాల కోసమే కట్టించిన వరుస అది. బేరం వినబడనప్పుడు ఆ కట్టడం సగమే ఉన్నట్టు. లాడ్ బజార్‌లోనూ అంతే. నిప్పుల సెగ మీద లక్కను మెత్తబరిచి, గాజుగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు పొదిగే చేతులు వెనక గల్లీల్లో ఉంటాయి. ఈయన అద్దాల్లో మెరిసే గాజుల దగ్గరే ఆగిపోతాడు.

ఫొటో అంటేనే ఏరుకోవడం కదా, ఆరో నిజాం ఆస్థానంలో లాలా దీన్‌దయాళ్ మాత్రం అన్నీ తీశాడా అంటారు. తీయలేదు, పోషించిన ప్రభువులకు నచ్చేట్టే తీశాడు. కానీ ఫలక్‌నుమా కొత్తగా ఉన్న రోజుల్లో దాన్ని కొత్త మేడగానే తీశాడు, పాతదని బుకాయించలేదు. ఇలాంటి అందమైన ఫొటోలు చూసే కదా జనం పాత కట్టడాలను కాపాడమంటారు అన్నది ఇంకో వాదన, కొంత నిజమే. అయితే మరమ్మతుకు వచ్చే మేస్త్రీకి అందంతో పనిలేదు. బోర్డు మేకు ఏ రాయిలో దిగింది, తీగల కట్ట ఏ కమానుకు వేలాడుతోంది అన్నదే అతనికి కావాలి. సరిగ్గా ఆ ముక్కనే మన దొరగారు ఇంటికెళ్లి కంప్యూటర్లో చెరిపేస్తాడు. అడగకుండా ఎవరినీ తీయడని కూడా ఆయన తరఫున చెబుతారు. అడుగుతాడు, పాపం. తీశాక తెర చూపించి, "పంపిస్తాను" అని మాట కూడా ఇస్తాడు. నంబరు మాత్రం తీసుకోడు. గాజులాయన మాత్రం అరపూట బేరం మానుకుని మరీ నిలబడి ఉంటాడు.