తక్కువ తూగిన నవల: తూనికలు కొలతల శాఖాధికారిగారికి బహిరంగ లేఖ

మహారాజరాజశ్రీ తూనికలు, కొలతల శాఖాధికారిగారి సముఖమునకు, మా పట్టణపు అద్దె పుస్తకముల షాపు చందాదారుల పక్షమున వారిలో నొకడు వ్రాసికొను విన్నపము.

అయ్యా,

సంతలో త్రాసుపళ్లెము అడుగున అంటించిన చింతపండు ముద్దను దూరమునుండియే పసిగట్టగలిగినవారును, పెట్రోలు బంకులో ఐదు లీటర్ల కొలపాత్రను పట్టి చూచి, తేడా వచ్చినయెడల యంత్రమునకు సీలు వేయగలిగినవారును, బంగారపు దుకాణములో మిల్లీగ్రాములకు సైతము లెక్క చెప్పింపగలిగినవారును అగు తమ శాఖవారు, ఇంటింట చేతులు మారుచున్న ఒక సరుకును మాత్రము నేటివరకు త్రాసునకెక్కింపకుండుట మాకు మిక్కిలి ఆశ్చర్యమును కలిగించుచున్నది. ఆ సరుకు పేరు ఉత్కంఠ. అది అట్టపెట్టెలలో గాక రెండు అట్టల నడుమ నింపబడి, పైన ఒక కన్నీటిచుక్కయు, ఒక కత్తియు, ఒక గులాబీయు బొమ్మవేయబడి, నవల యను పేర అమ్మబడుచున్నది.

2009 నాటి చట్టము ననుసరించి 2011లో అమలులోనికి వచ్చిన తమ పొట్లపు సరుకుల నిబంధనలను మేము శ్రద్ధగా చదివియున్నాము. బిస్కట్టు పొట్లముమీద చేసినవాని పేరు, చిరునామా, నికర తూకము, చేసిన నెల, సంవత్సరము, గరిష్ఠమైన వెల, ఫిర్యాదు చేసికొనవలసిన చోటు ముద్రింపవలెనని అందున్నది. నవలమీద వెల యున్నది. చేసినవారి పేరు కథ పేరుకంటె రెండింతల అక్షరములలో ఉన్నది. నికర ఉత్కంఠ యెంతయో మాత్రము లేదు. ఫిర్యాదు చేసికొనవలసిన చోటు అసలే లేదు గనుకనే ఈ లేఖ తమకు చేరుచున్నది.

మా ఫిర్యాదునకు మూలమైన నవలను వ్రాసిన రచయిత్రిగారి పేరు ఇచ్చట చెప్పము. చెప్పినయెడల తమ యింటనే మాకు శత్రువులు పుట్టుదురేమోనను భయ మొకటి. ఆమెయందు మాకు ఇంకను చావని అభిమానము రెండవది. వారపత్రికలో ఆమె సీరియలు వచ్చుచుండిన రోజులలో, పత్రిక గుమ్మములో పడిన దినమున ఎవరు ముందు చదువవలెనను తగవు తీరక పొయ్యిమీది పప్పు మాడిన ఇండ్లు మా వీధిలోనే కలవు. ఆ కాగితములను వారమువారము చించి దాచి, కథ ముగిసిన పిమ్మట కాలికో గుడ్డతో బైండు చేయించుకొన్నవారును, ఆ బైండును కూతురి సారెతోపాటు అత్తవారింటికి పంపినవారును కలరు. ‘సశేషం’ అను మూడక్షరముల క్రింద ఏడు దినములు మమ్ము ఊపిరి బిగబట్టి కూర్చుండబెట్టగలిగిన ఆ చేయియే ఈ నవలను వ్రాసినదనుట మాకు మింగుడుపడుట లేదు.

కథ యిది. అరకులోయలో కాఫీతోటల నడుమ ఒక బంగళా; తండ్రి మరణానంతరము దానికి వారసురాలై వచ్చిన నాయిక; జీపు నడుపుచు, తక్కువ మాటలాడుచు, మణికట్టుమీది మచ్చను చొక్కాచేతి క్రింద దాచుకొనుచు తిరుగు మేనేజరు; మేడమీద తాళము వేసిన గది; ప్రతి అమావాస్యకును తప్పక అందు ఒక ఆకాశరామన్న ఉత్తరము. 37వ పుటలో గది తలుపు కనబడును. 90వ పుటలో దాని తాళపుచెవి కనబడును. 180వ పుటలో నాయిక ఆ చెవిని తాళములో పెట్టును. అంతలో కరెంటు పోవును. పోయిన కరెంటు రెండు ప్రకరణములవరకు రాదు. ఇంతవరకు మాకు ఆక్షేపణ లేదు. చీకటిలో కూర్చుండుట మాకు కొత్త కాదు. కాని తుదకు తలుపు తెరచుకొనునప్పటికి అందున్న దేమి? మేనేజరుగారి కవల సోదరుడు! 240 పుటల నవలలో 211వ పుటవరకు ఉలుకు పలుకు లేనివాడు, ఊడిపడి, కథలో జరిగిన హత్యలన్నియు తనవేనని నాలుగు పుటల ఉపన్యాసములో ఒప్పుకొని, నాయికానాయకుల పెండ్లికి అడ్డు లేకుండ లోయలోనికి దూకి తప్పుకొనును.

ఈ విషయమున పాఠకుల వాఙ్మూలము కావలయునన్నచో, అద్దె షాపులోని ప్రతియే చాలును. ఆ ప్రతి అంచులలో, చేతులు మారిన కొలది, ఒక రెండవ గ్రంథమే పెరిగినది. 12వ పుటలో పెన్సిలుతో, “హీరోకి బుగ్గ మీద సొట్ట ఉంది, కాబట్టి హంతకుడు వీడు కాదు” అని ఒక గుండ్రని చేతివ్రాత. 64వ పుటలో నీలిసిరాతో, “ఈ వాన ఎప్పుడు వెలుస్తుంది?” అని ఒకరు అడుగగా, దాని క్రింద ఎఱ్ఱసిరాతో వేరొకరు, “ఇంకో రెండు చాప్టర్లు ఓపిక పట్టండి” అని వాతావరణ సూచన చేసియున్నారు. కవల సోదరుడు ప్రవేశించిన చోట వ్రాయబడిన మాటలలో కొన్ని సర్కారు కార్యాలయమునకు పంపదగినవి కావు. పంపదగినవానిలో మిక్కిలి బాధతో వ్రాసినది, “మేడం, ఇది మీరు రాసింది కాదని ఒక్క మాట చెప్పండి” అనునది.

ఇంతకంటె విచిత్రమైనది వెనుక అట్ట లోపలివైపున ఉన్నది. ఎవరో ఇల్లాలు అచ్చట పాలలెక్క వ్రాసికొన్నది. 1వ తేదీనుండి రోజునకు అరలీటరు, 9న లీటరున్నర, 10న రెండు, 11న మరల అరలీటరు, 12, 13 తేదీలు ఖాళీ, 14 మొదలు నెల చివరివరకు పావులీటరు మాత్రమే. 9వ తేదీన వచ్చిన చుట్టములెవరు? రెండు దినములు ఇంటికి తాళమువేసి ఎచ్చటికి పోయిరి? తిరిగివచ్చిన పిమ్మట పాలు సగమగుట యేల? మా చందాదారులలో విశ్రాంత ప్రధానోపాధ్యాయు లొకరు ఆ పుటను నవలకంటె ఎక్కువసేపు చదివి, “పిల్లను కాపురానికి పంపి వచ్చారు” అని తేల్చి, కండ్లద్దములు తీసి తుడుచుకొనిరి. పదునైదు పంక్తులు లేని ఈ పద్దు, ఒక్క హత్యయైనను లేకుండ, తాను రేపిన ప్రశ్నకు తనలోనే జవాబు దాచుకొన్నది. నవల ఆ పని చేయలేకపోయినది.

ఈ రోగము మన యిలాకాలో పుట్టినది కాదని తమకు మనవి చేయుట న్యాయము. 1794లో ఇంగ్లండునందు ఆన్ రాడ్‌క్లిఫ్ అను రచయిత్రి ‘ఉడాల్ఫో రహస్యములు’ అను ప్రేమభయమిశ్రమమైన నవలను నాలుగు సంపుటములుగా వెలువరించినది; ప్రకాశకులు ఆమెకు 500 పౌనులిచ్చిరి, ఆ దినములలో నవలకది వినని వెల. అపెనైన్ పర్వతములలోని కోటలో నాయిక ఎమిలీ ఒకనాడు ఒక నల్లని తెరను తొలగించి, అందున్నదానిని చూచి, మూర్ఛపోవును. చూచిన దేమో రచయిత్రి చెప్పదు. పాఠకుడు ఆ తెరను మనసున మోసికొనుచు వందలకొలది పుటలు నడచి, నాలుగవ సంపుటము ముగియవచ్చు తరుణమున తెలిసికొను దేమనగా, అది శవము కాదు, మైనపు బొమ్మ. పూర్వమెన్నడో ఆ వంశపువాడొకడు చర్చికి చేసిన అపరాధమునకు ప్రాయశ్చిత్తముగా దినదినము చూడవలసినదని విధింపబడిన బొమ్మ. ఎమిలీ రెండవమారు చూచియుండిన యెడల మూర్ఛయు లేదు, మనకింత బాధయు లేదు! రేపిన కుతూహలమునకు తగిన తృప్తి ఈయలేదని అప్పటి విమర్శకులు గొణిగిరి. జేన్ ఆస్టిన్ గొణుగలేదు, నవ్వినది. ఆమె మరణానంతరము 1817 చివర వెలువడిన ‘నార్తాంగర్ ఆబీ’లో, ఆ నల్లని తెర వెనుక అస్థిపంజరమే యుండునని నమ్మి, ఎవరును ముందుగా చెప్పవలదని బతిమాలుకొను ఒక పాఠకురాలిని సృష్టించి, తరువాత ఆ పిల్లచేతనే గాలివాన రాత్రి ఒక పాత బీరువానుండి రహస్యపత్రములు తీయించి, తెల్లవారిన పిమ్మట అవి చాకలిపద్దులని తేల్చినది. ఇంత జరిగియు, రాడ్‌క్లిఫ్‌గారి తరువాతి నవలకు 1797లో 800 పౌనులు పలికినవి. నిరాశపడిన పాఠకుడు కొనుట మానునని నమ్ము అమాయకులు ఈ యంకెను చూడవలెను.

ఇక మేము ముఖ్యముగా మొఱపెట్టుకొను అంశమునకు వచ్చెదను. కేవలము అపరాధపరిశోధన నవలలో మోసము చిన్నది; కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధరును, అతని సహాయకుడు రాజును మేము ఎన్నిమారులు వెంబడించినను, ఎవరిమీదనైనను అనుమానపడుటకు మాకు పూర్ణమైన స్వాతంత్ర్యముండెడిది. ప్రేమ దానితో కలిసినపుడే చిక్కు. అట్టి కథలో పాఠకురాలు ఒకే మనుష్యుని ఏకకాలమున ప్రేమింపవలెను, శంకింపవలెను. అతడు పాలగ్లాసు అందించినపుడు ఇది ప్రేమయా, విషమా అని ఆమె చేయి వణకవలెను. ఆ వణుకే సరుకు. డాఫ్నీ డు మారియే 1938లో ‘రెబెక్కా’ వ్రాసినపుడు (చదువనివారు ఈ వాక్యమును దాటిపోవుదురు గాక) హత్య జరిగినదనియే మనకు చాలసేపు తెలియనీయక, పిమ్మట నాయిక ప్రేమించిన భర్తయే హంతకుడని అతని నోటనే చెప్పించి, ఆమె ప్రేమ అందువలన తగ్గలేదని కూడ చూపి, మనలను మనమే అనుమానించుకొనునట్లు చేసినది. మా రచయిత్రిగారికి ఆ ధైర్యము లేకపోయినది. ఆమెకు తన నాయకుడు ముద్దు. అంతకంటె తన పాఠకురాండ్రు ముద్దు. అతనిమీద నిజమైన మచ్చ పడినచో వారు నొచ్చుకొందురేమోనని, మచ్చను మణికట్టునకే పరిమితము చేసి, పాపములన్నిటిని మోయుటకు ఒక కవల సోదరుని కూలికి తెచ్చినది. మా మనసు నొప్పింపరాదను ఆ దయయే మమ్ము ఇంతగా నొప్పించినది. బుగ్గసొట్ట చూచి 12వ పుటలోనే తీర్పు వ్రాసిన ఆ పెన్సిలు చేయికి, ఆమె తుదివరకు జంకినది.

కవలల విషయమున పూర్వపు శాసనము కూడ కలదు. రోనాల్డ్ నాక్స్ అను ఆంగ్లేయ క్రైస్తవ గురువు 1929లో అపరాధపరిశోధకుల కథలకు పది నియమములు విధించెను. నేరస్థుడు కథ తొలిభాగముననే కనబడియుండవలెనని మొదటిది. తగిన సూచన చేయనిదే కవలలను, ఒకే పోలికగలవారిని ప్రవేశపెట్టరాదని పదియవది. మా నవల మొదటిదానిని, పదియవదానిని ఒకే పుటలో అతిక్రమించినది. మన సినిమాలలో ద్విపాత్రాభినయమునకు అలవాటుపడిన మాకే ఇది కొరుకుడుపడలేదనిన, తాము దాని తీవ్రత నూహింపగలరు.

రచయిత్రిగారి పక్షమునను వాదములు వినబడినవి. పబ్లిషరు తొందరపెట్టినాడట, ఒంట్లో బాగుండలేదట, ప్రేమకథగా మాత్రము చదువుకొన్నచో బాగుగనే యున్నదట. మూడవ వాదము చేసిన బ్యాంకు ఉద్యోగినిని, అట్లయిన ఉప్మాలోని రాళ్లను ఏరి పారవైచి తినవలెనా యని దర్జీపని చేసికొను మరియొక చందాదారురాలు అడుగగా, షాపులో కొంతసేపు మాటలాగిపోయినవి.

కాబట్టి, నవల అట్టమీద నికర ఉత్కంఠను పుటలలో ముద్రింపజేయవలెననియు, వాన, కరెంటు పోవుట, నాయిక అద్దములో చూచికొనుట మున్నగువానిని తూకమునుండి మినహాయింపవలెననియు కోరుచున్నాము. తప్పు దొరికినచో దిద్దుకొను మర్యాదయు ఉన్నది: విల్కీ కాలిన్స్ తన ‘ధవళవస్త్రధారిణి’లో తేదీలు రెండు వారములు పొరపడినట్లు 1860లో టైమ్స్ పత్రిక విమర్శకుడు లెక్కకట్టి చూపగా, తరువాతి ముద్రణలో సవరించుకొనెను. మా రచయిత్రిగారును రెండవ ముద్రణలో ఆ కవల సోదరుని కనీసము 50వ పుటలోనైన ఒక కాఫీ త్రాగుటకు పంపవచ్చును.

అయితే తాము మరీ గట్టిగా పూనుకొందురేమోనని ఒక సంకోచము. ‘రెబెక్కా’ను 1940లో హిచ్‌కాక్ సినిమాగా తీసినపుడు, హంతకుడు శిక్ష తప్పించుకొనరాదను అప్పటి అమెరికా సినిమా నిబంధనలవలన, భర్త చేసిన హత్య కాలుజారి తలకు తగిలిన దెబ్బగా మారినది. అధికారులు త్రాసు పట్టినచో తూకము తగ్గుటయు కలదు. కాబట్టి తాము తూచుడు, దిద్దకుడు.

సాక్ష్యముగా పైని చెప్పిన ప్రతిని ఈ లేఖతో జతపరుపవలెనని మొదట అనుకొంటిమి. కాని అది అలమారలో నిలుచుట లేదు. తిరిగి వచ్చిన దినముననే మరియొకరు పట్టుకొనిపోవుచున్నారు. చీటీలు వ్రాసికొని వేచియున్నవారి పేర్లు కార్డు రెండవవైపునకు వచ్చినవి. దర్జీపని చేసికొను ఆ చందాదారురాలు, అంచులలోని కొత్త వ్యాఖ్యలకొఱకట, రెండవమారు తీసికొనియున్నది. ప్రతి చేతికి వచ్చినంతనే పంపుకొందుము. రోజు అద్దె మాత్రము తమ కార్యాలయము భరింపవలెనని షాపు యజమాని మరిమరి చెప్పుమన్నాడు.

ఇట్లు,
తమ విధేయుడు,
చందాదారుల పక్షమున ఒక పాఠకుడు