నేతిబీర వ్యాఖ్యలు

"మంచి కోడ్‌కి కామెంట్లెందుకండీ, కోడే మాట్లాడుతుంది" అంటారు బ్లాక్‌చెయిన్ మీద నడిచే స్మార్ట్ కాంట్రాక్ట్‌లు రాసేవాళ్లలో చాలామంది. అననివాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు కామెంట్లు రాసేసి, ఆర్నెల్లుగా వాటి మొహం చూడనివాళ్లు.

కోడ్ మాట్లాడుతుందన్నది నిజమే. 2016 జూన్ 17న ఈథీరియం బ్లాక్‌చెయిన్ మీద ద డావో అనే ఉమ్మడి పెట్టుబడి నిధి కోడ్ మాట్లాడింది. ఆ మాట ముగిసేసరికి 36 లక్షల ఈథర్ నాణేలు చేతులు దాటాయి. ఆ నిధిని నడిపినవాళ్లు ముందే ఒక షరతు రాసి పెట్టుకున్నారు: మా వివరణకీ కోడ్‌కీ తేడా వస్తే కోడ్‌దే చివరి మాట. బస్సు బోర్డు మీద విజయవాడ అని రాసి, టికెట్టు వెనక సన్నక్షరాల్లో "డ్రైవరు ఎక్కడ ఆపితే అదే విజయవాడ" అని అచ్చేసినట్టు. జనం బోర్డు చూసి ఎక్కారు. దొంగ ఒక్కడే టికెట్టు తిప్పి చదివాడు.

ఆ కోడ్‌ని కాస్త దగ్గరకెళ్లి చూడండి. వాటాదారు విడిపోయి తన భాగం పట్టుకెళ్లే ఫంక్షన్‌లో, చివరికొచ్చేసరికి "డావో టోకెన్లను కాల్చెయ్" అని కామెంట్. కింది లైను ఏం కాలుస్తుంది? ఏమీ కాల్చదు. పెద్ద టీ అక్షరంతో మొదలయ్యే ట్రాన్స్‌ఫర్ అది. బదిలీ జరిగిందని చిట్టాలో ఒక పద్దు రాసి ఊరుకుంటుంది. ఆ తర్వాతి లైను రివార్డు పంపుతుంది. దాని పక్కన, మర్యాదగా ఉందాం, అతనిది అతనికి ఇప్పిద్దాం అన్న ధోరణిలో ఇంకో కామెంట్. టోకెన్ల లెక్క నిజంగా సున్నా చేసే లైను ఈ మర్యాదలన్నీ అయ్యాక గానీ రాదు. ఆ సందులో, రివార్డు కోసం చెయ్యి చాపిన కాంట్రాక్ట్ వెనక్కి తిరిగొచ్చి, అవే టోకెన్లు చూపించి, మళ్లీ పంచమంది. పంచారు. మళ్లీ వచ్చింది. మళ్లీ పంచారు. కాల్చేశామని పైన రాసే ఉంది కదా, ఇంక అనుమానం ఎవరికి?

జులైలో హార్డ్ ఫోర్క్ చేసి, అంటే చెయిన్ నియమాలనే మార్చి, ఆ లెక్కంతా వెనక్కి తిప్పారు. కోడే చట్టమని భీష్మించుకున్నవాళ్లు పాత చెయిన్ పట్టుకుని ఈథీరియం క్లాసిక్‌గా మిగిలారు. అది వేరే పురాణం.

నలుగురూ వాడుకునే కోడ్ లైబ్రరీ అన్నాక ఈ జబ్బు ముదురుతుంది. ఒక కాంట్రాక్ట్‌లో తప్పు కామెంట్ ఉంటే అది ఒక ఇంటి గోడ మీద తప్పు రాత. లైబ్రరీలో ఉంటే కరణం దస్త్రంలో తప్పు. ఊరంతా దానికే నకళ్లు తీసుకుంటుంది. ఈథర్ దాచుకునేందుకు, కొందరు కలిసి సంతకం పెడితేనే తెరుచుకునే ప్యారిటీ మల్టీసిగ్ వాలెట్ కథ తీసుకోండి. వాలెట్లన్నీ ఒకే కోడ్‌ని మోయడం దండగని, ఉమ్మడి పనులన్నీ తీసుకెళ్లి ఒక లైబ్రరీ కాంట్రాక్ట్‌లో పెట్టారు. యజమానులెవరో నిర్ణయించే ఫంక్షన్ కూడా అక్కడికే చేరింది. దాని నెత్తిన కామెంట్ ఏముంది? "కన్‌స్ట్రక్టర్" అని ఉంది.

కన్‌స్ట్రక్టర్ అంటే కాంట్రాక్ట్ పుట్టేటప్పుడు ఒకే ఒక్కసారి నడిచేది. బొడ్డు కోయడం లాంటిది, రెండోసారి కుదరదు. ఇదేమో మామూలు ఫంక్షన్, తలుపులు బార్లా తెరుచుకుని ఉంది, దారినపోయే ఎవరైనా పిలవొచ్చు. అందులో కన్‌స్ట్రక్టర్ ఎంతుందంటే నేతిబీరకాయలో నెయ్యి ఉన్నంత. 2017 జులైలో ఒకడు పిలవనే పిలిచాడు. మూడు వాలెట్లకు తనే యజమానినని రాసుకుని లక్షన్నర పైగా ఈథర్ ఎత్తుకుపోయాడు. అప్పుడు తలుపుకి గొళ్లెం పెట్టారు: యజమాని ఉన్న వాలెట్‌కి మళ్లీ యజమానిని పెట్టకూడదు. కామెంట్ మాత్రం కన్‌స్ట్రక్టర్‌గానే కొనసాగింది. ఆ లైబ్రరీకే సొంతంగా యజమాని లేడన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నవంబర్ 6న ఇంకొకడు వచ్చి లైబ్రరీకే యజమాని అయ్యాడు, చంపే ఫంక్షన్ నొక్కాడు. పొరపాటున జరిగిందని తనే వచ్చి చెప్పాడు కూడా. 587 వాలెట్లలో 5,13,774 ఈథర్ అలాగే బిగుసుకుపోయింది.

దీనికంతటికీ కామెంటే కారణమని నేననను. కామెంట్ పడుకున్న కాపలాదారు, అంతే. జీతం మాత్రం తీసుకుంటున్నాడు.

మరి ఇప్పుడు బుద్ధొచ్చిందా అంటే, వచ్చింది, వచ్చి, కోడ్‌ని తనిఖీ చేసే లింటర్‌లో కూర్చుంది. ఈ కాంట్రాక్ట్‌లు రాసే భాష సాలిడిటీలో నాట్‌స్పెక్ అనే కామెంట్ల పద్ధతి ఉంది: వాడేవాళ్లకు నోటీస్, రాసేవాళ్లకు డెవ్, ఒక్కో పారామీటర్‌కీ పరామ్, తిరిగొచ్చేదానికి రిటర్న్. అలా నియమం పెడితే, ఏ ఒక్కటి లేకపోయినా లింటర్ ఎర్రగీత గీస్తుంది. అందుకని మనవాళ్లు నింపుతారు. అమౌంట్: అమౌంట్. ఓనర్: ఓనర్ చిరునామా. రిటర్న్: ఫలితాన్ని ఇస్తుంది. పెళ్లికొడుకు ఎవరయ్యా అంటే పెళ్లికూతురి మొగుడన్నట్టు. లేని పారామీటర్‌కి పరామ్ రాస్తే కంపైలర్ కూడా ఒప్పుకోదు, ఎర్రర్ కొడుతుంది. ఉన్న పారామీటర్‌కి లేని అర్థం అంటగడితే మాత్రం కిమ్మనదు.

నేను కొన్నాళ్లు పనిచేసిన చోట లైబ్రరీలో ఫీజు పారామీటర్ ఉండేది. పక్కన "శాతంలో ఇవ్వాలి" అని ఇంగ్లీషులో కామెంట్, అందులో పర్సంటేజ్ అన్న మాటకి ఒక అక్షరం తక్కువ. కోడ్ ఎప్పుడో మారింది, పదివేలతో భాగిస్తోంది. కొత్తగా చేరిన అమ్మాయి కామెంట్ చదివి 5 అని ఇచ్చింది. ఐదు శాతం రావాల్సిన చోట 0.05 శాతం వచ్చింది. నిజం డబ్బులేని టెస్ట్‌నెట్ కాబట్టి కొంపలు మునగలేదు.

"అన్నా, ఇక్కడ శాతం అని ఉంది కదా?"

"కామెంటెందుకు చూశావమ్మా? కోడ్ చూడాలి."

"మరి పెట్టడం ఎందుకన్నా?"

"లింటర్ ఊరుకోదు కదా."

ఇంకో తమాషా. కామెంట్ చెయిన్ మీద నడవదు గానీ దాని వేలిముద్ర పడుతుంది. కంపైలర్ మామూలుగా బైట్‌కోడ్ తోకకి మెటాడేటా హ్యాష్ ఒకటి అంటిస్తుంది. కామెంట్‌లో కామా మారినా ఆ తోక మారుతుంది. అబద్ధానికి ఇంత పక్కాగా రిజిస్ట్రేషన్ చేసే ఆఫీసు ఇంకెక్కడా చూడలేదు.

వ్యాఖ్య అంటే ఒకప్పుడు వేరు. మెదక్ జిల్లా కొల్చారం మనిషి మల్లినాథ సూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ముందే మాటిచ్చాడు. ఆయన నెత్తిన లింటర్ లేదు. కాళిదాసు రాత్రికి రాత్రి రఘువంశాన్ని రీఫ్యాక్టర్ చేస్తాడన్న బెంగా లేదనుకోండి, అదృష్టవంతుడు.

ఈమధ్య ఈ వ్యాఖ్యల పని ఏఐకి అప్పజెప్పి చేతులు దులుపుకుంటున్నారు. అది కోడ్ చదివి అదే కోడ్‌ని ఇంగ్లీషులో వల్లిస్తుంది. తప్పుంటే ఆ తప్పుని కూడా భక్తిగా వర్ణిస్తుంది. ఆడిటర్ దొంగని పట్టేది, అనుకున్నదానికీ చేసినదానికీ మధ్య ఉన్న సందులో. కామెంట్ అనుకున్నది చెప్పాలి, కోడ్ చేసినది చెబుతుంది. ఏఐ వచ్చి ఆ సందుని నున్నగా సిమెంటు పూసి మూసేస్తోంది, డాక్యుమెంటేషన్ నూటికి నూరు శాతమని స్లైడు మీద చూపిస్తున్నారు.

ఇక దిద్దుబాటు దండు ఉంది. ఓపెన్ సోర్స్‌కి సాయం చేయించే 2020 హాక్టోబర్‌ఫెస్ట్‌లో నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే దిద్దుబాటు ప్రతిపాదనలు, పంపితే టీషర్టు అనగానే, ఊరూపేరూ తెలియని ప్రాజెక్టుల రీడ్‌మీల్లో "అద్భుతం" అన్న మాట చేర్చి పంపేశారు జనం. నిర్వాహకులు నెల మొదట్లోనే నిబంధనలు మార్చుకోవాల్సి వచ్చింది. తర్వాత జనం ఆశ టీషర్టు నుంచి క్రిప్టో టోకెన్ల మీదికి మళ్లింది. 2024లో ఈథీరియం మీద ఆధారపడి నడిచే స్టార్క్‌నెట్ తన ఎయిర్‌డ్రాప్‌లో, అంటే ఉచిత టోకెన్ల పంపకంలో, గిట్‌హబ్ డెవలపర్లకూ వాటా పెట్టింది. రేపు ఇంకెవరు పెడతారో అని, కామెంట్లలో అక్షరదోషాలు ఏరే భక్తబృందాలు తయారయ్యాయి. అర్థదోషం ఏరినందుకు ఎవరూ ఏమీ పంచరు.

మొన్న ఆ పాత లైబ్రరీ తెరిచాను. ఫీజు కామెంట్‌కి ఎవరో పుల్ రిక్వెస్ట్ పంపారు. హమ్మయ్య, ఇన్నాళ్లకి, అనుకుంటూ చూశాను. పర్సంటేజ్‌లో తగ్గిన అక్షరం చేర్చారు. ఐదు నిమిషాల్లో ఇద్దరు రివ్యూయర్లు ఆమోదించారు, ఒకరు చప్పట్ల ఎమోజీ పెట్టారు. కోడ్ ఇంకా పదివేలతోనే భాగిస్తోంది.